దొరగారి పథ్యం

ముప్పై ఎనిమిదో రోజు పొద్దున కూడా దొర గోక్కుంటూనే ఉంది.

చిలగడదుంపలు పొయ్యి మీంచి దించుతూ ఆమె ఆ చప్పుడు వింది. వెనక కాలు నేలకు తగిలి టకటకమంటోంది. కాసేపు ఆగింది. ఆ తరవాత తడితడిగా, తెరిపి లేకుండా చప్పరింపు. ముందుకాళ్ళ వేళ్ళ సందులు. ఆ కుక్క పాదాలు ఒకప్పుడు తెల్లగా ఉండేవట. నాకి నాకి ఇప్పుడు తుప్పు రంగుకు తిరిగాయి.

"దొరా, వద్దు!"

దొర తలెత్తి, తోకతో నేలను రెండుసార్లు కొట్టి, మళ్ళీ తన పనిలో పడింది.

ఆమె దుంపల్ని చిదిమి, ముల్లు లేకుండా ఏరిన చేపతో కలిపి, గిన్నెను కాటా మీద పెట్టింది. మూడు వందల గ్రాములు. కాస్త ఎక్కువైతే చెంచాతో తీసేసింది. చేపా దుంపా దొర పుట్టి బుద్ధెరిగాక తినని వస్తువులు. ఎనిమిది వారాల పాటు అవి తప్ప మరేదీ నోట్లో పడకూడదు. పేలకు మెడ వెనక చుక్కల మందు వేసేశారు. చర్మం గీకి, అద్దం ముక్క మీద పెట్టి, గజ్జి పురుగు లేదని చూసుకున్నారు. తామర కాదని తేల్చుకున్నారు. ఇక మిగిలింది తిండి. ఏ తిండి ఒంటికి పడటం లేదో తెలియాలంటే పాతవన్నీ మానిపించి చూడటమొక్కటే దారి.

ఫ్రిజ్ పక్కన దారంతో వేలాడుతున్న పొడుగు పుస్తకంలో ఆమె స్కేలు పెట్టి గీసిన నాలుగు గళ్ళున్నాయి. తిండి, మందు, గోకుడు, పెట్టినవారు. గోకుడు గడిలో పదికి ఎన్ని మార్కులో వెయ్యాలి. మొదటి రోజు ఎనిమిది వేసింది. ఇవాళ ఏడు వేసి, పెన్ను మూత కసిగా నొక్కింది.

స్నానం చేసి వచ్చిన భర్త తడి జుట్టు ఆమె మెడ మీద విదిలించాడు. ఎంత చిరాకులో ఉన్నా ఆమెకు నవ్వొచ్చింది. నాలుగు నెలల కాపురం. ఇంకా రోజుకో కొత్త సంగతి తెలుస్తూనే ఉంది. ఆయనకు ఎడమ చెవి దగ్గర కితకితలని నిన్ననే తెలిసింది.

"ఎంతొచ్చాయి మావాడికి?"

"ఏడు."

"ఫస్ట్ క్లాసే కదా!"

"నవ్వకు. ఆరో వారంలో ఏడు రాకూడదు. మూడుకు దిగాలి. లేదంటే ఇంట్లో ఎవరో ఏదో పెడుతున్నట్టు."

"నన్ను చూడకు. లిఫ్టులు బాగుచేసుకునేవాణ్ణి, పొద్దున పోతే చీకటి పడ్డాక వస్తాను. నాకంత తీరికెక్కడిది?"

అంటే ఇంకెవరికి తీరిక ఉన్నట్టు? ఆ మాట ఇద్దరూ అనలేదు. ముందు గదిలోంచి కుట్టుమిషను చప్పుడు వినిపిస్తూనే ఉంది.

మావగారు ముప్పై ఏళ్ళుగా ఆ గదిలోనే బట్టలు కుడుతున్నారు. ఆయన తొక్కే మిషను కింద, ఎడమ పాదం మీద గడ్డం ఆనించి, దొర ఎనిమిదేళ్ళుగా పడుకుంటోంది. టిఫిను పళ్ళెం తీసుకోవడానికి ఆయన వంటింట్లోకి వచ్చారు. మెడలో టేపు, చొక్కా అంచున గుచ్చిన సూదులు.

"మావయ్యగారూ, నిన్న మధ్యాహ్నం దీనికేమైనా పెట్టారా?"

"లేదమ్మాయ్."

"పొరపాటున, కింద ఏమైనా పడిందేమో. చిన్న ముక్కైనా సరే."

"లేదమ్మా."

ఆయన నేల వైపు చూస్తూ చెప్పారు. ఆమె అది గమనించింది.

*

ఆమె పనిచేసేది కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేసే చిన్న ఆసుపత్రి. ముందు గదిలో బెంచీలు, లోపల రెండు బల్లలు, ఒక డాక్టరమ్మ. వచ్చేవాళ్ళంతా ఆమెను నర్సమ్మా అని పిలుస్తారు.

ఆ రోజు బ్యాంకు గుమాస్తా ఒకాయన బుట్టలో పిల్లిని తెచ్చాడు. బూడిద రంగు పిల్లి. పొట్ట కింద, తొడల లోపల వెంట్రుక లేదు. గొరిగినట్టు నున్నగా ఉంది.

"మా పిల్లి మహా శుభ్రమైందండీ" అన్నాడాయన. "రోజంతా ఒళ్ళు నాక్కుంటూనే ఉంటుంది."

"అది శుభ్రం కాదండీ, దురద. పిల్లి గోక్కోదు, నాక్కుంటుంది. పేలేమైనా చూశారా?"

"పేలా! మా ఇంట్లోనా! ఏడో అంతస్తమ్మా మాది. గడప దాటనివ్వం."

ఆమె వాదించలేదు. సన్నపళ్ళ దువ్వెన తీసి, తోక మొదలు దగ్గర వెంట్రుకలకు ఎదురుగా నాలుగుసార్లు దువ్వింది. దువ్వెనలో పడిన నల్లటి నలుసుల్ని తడి దూది మీద దులిపింది. మిరియాల పొడిలాంటి ఆ నలుసుల చుట్టూ మెల్లగా ఎర్రటి మరకలు పాకాయి.

"ఏమిటిది?"

"పేల రెట్ట. అందులో ఉన్నది మీ పిల్లి రక్తమే."

"ఒక్క పేనైనా కనబడలేదే!"

"ఎలా కనబడుతుంది? దొరికినవన్నీ నాకి మింగేస్తుంది కదా. కొన్ని పిల్లులకు ఒక్కటి కుట్టినా చాలు, ఒళ్ళంతా మండిపోతుంది. ఇంట్లో ఇంకేమున్నాయి?"

"ఓ కుక్కపిల్ల. దానికే దురదా లేదు."

"దానికీ వెయ్యాలి మందు. నెలకోసారి, అందరికీ, ఆపకుండా. దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకాలి."

గుమాస్తా దూది వంక, పిల్లి వంక చూసి, "మా ఆవిడ చెబుతూనే ఉంది, నేనే ఒప్పుకోలేదు" అని గొణిగాడు. చేతులు కడుక్కుంటుంటే లోలోపల ఈల వేసుకోవాలన్నంత హుషారు. నోరు ఏదైనా చెబుతుంది. దువ్వెన ఉన్నది ఉన్నట్టు చెబుతుంది.

"మీ దొర ఎలా ఉంది?" అడిగింది డాక్టరమ్మ, చేతి తొడుగులు విప్పుతూ.

"ఏడు మేడం."

"ఇప్పటికీ? అయితే తిండి కాదేమో. లేదా ఎవరో దొంగచాటుగా పెడుతున్నారు."

"పెడుతున్నారు మేడం. నాకు తెలుసు."

"ఎవరు?"

"పట్టుకుంటాను" అంది ఆమె.

*

సాయంత్రం ఇంటికి రాగానే దొరకు మాత్ర వేసింది. తుంటి నొప్పికి రోజూ ఒకటి. దొర మందుల అలమర ముందు బుద్ధిగా కూర్చుని, మాత్ర అందుకుని మింగి, వేళ్ళు నాకింది. మందు గడిలో టిక్కు పెట్టి ఆమె ముందు గదిలోకి వెళ్ళింది. మావగారు బొత్తాలు కొనడానికి బజారుకెళ్ళారు.

మోకాళ్ళ మీద వంగి మిషను కింద చూసింది. సుద్ద ముక్కలు, దారప్పోగులు, ఒక బొత్తం. పెడలు సందులో వేలు పెట్టి తుడిచి వాసన చూసింది. నూనె వాసన. కుర్చీకి వేలాడుతున్న ఆయన పాత కోటు జేబును కూడా ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏం చేస్తున్నావు?" ఆ రోజు పెందలాడే వచ్చిన భర్త గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"చూస్తున్నాను."

"చూడటం కాదు, మా నాన్నని వాసన పడుతున్నావు. దొరకీ నీకూ ఇక తేడా తోక ఒక్కటే."

"నీకు నవ్వులాటగా ఉందా? ఆరు వారాలు! రోజూ పొద్దున్నే లేచి చేపలో ముళ్ళేరుతున్నాను. నా జుట్టంతా నీచు వాసన. అదేమో చర్మం ఊడేలా గోక్కుంటోంది. ఆయన ఒక్క ముక్క పెట్టారనుకో, నేను చేసిందంతా బూడిదలో పోసినట్టే. పెద్దాయన, ఏమనగలను?"

"పెట్టలేదన్నాడు కదా."

"అందరూ అదే అంటారు! రోజుకు పదిమంది అంటారు నాతో. మేమేం పెట్టలేదండీ, మా ఇంట్లో పేలు లేవండీ. ఆయన అబద్ధం చెబుతున్నారు."

మెట్ల మీద చెప్పులు విడిచిన చప్పుడైంది. మావగారు బొత్తాల పొట్లంతో లోపలికి వచ్చారు. ముఖంలో ఏమీ లేదు. పొట్లం మిషను మీద పెట్టి, గోడకు ఆనించిన ఇస్త్రీ బల్లను ఎత్తారు. దాన్ని గుమ్మానికి అడ్డంగా, మోకాలెత్తున నిలబెట్టి, పడకుండా రెండు వైపులా ఇటుకలు ఆన్చారు. దొర అవతల మిగిలిపోయింది.

"ఇక ఈ గదిలోకి రాడు" అన్నారు. "నీకు అనుమానం ఉండదు."

భర్త ఆమె వంక చూశాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. కానీ బల్ల తియ్యమని నోటివెంట రాలేదు. మంచిదే కదా, అని లోపలెక్కడో ఒక నర్సమ్మ అంది.

*

మర్నాడు ఆయన టిఫిను పళ్ళెం పట్టుకుని మేడ మీదికి వెళ్ళి, తలుపు వేసుకున్నారు. ఎండలో, నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి తిన్నారు. కిందికి వచ్చి, ట్యాపు దగ్గర మోచేతుల దాకా కడుక్కుని, ఆమె ముందు చొక్కా జేబు, లాగు జేబులు రెండూ బయటికి లాగి చూపించారు. సుద్ద, కుట్టేటప్పుడు వేలికి తొడిగే అంగుస్తాను, మడతపెట్టిన కాగితం.

"చూసుకో అమ్మాయ్."

"అయ్యో, అదేం మాట మావయ్యగారూ!" అంది. అనేలోపే ఆమె కళ్ళు మూడు జేబులూ చూసేశాయి. అది ఆయనా చూశారు.

మధ్యాహ్నం కూడా అంతే. రాత్రి భోజనానికీ అంతే. పక్కపక్కన కూర్చుని ఒకే గ్లాసులో మజ్జిగ తాగుతూ కబుర్లాడుకునే వేళ, భర్త తల వంచుకుని తిని లేచిపోయాడు. ఆమె మజ్జిగ గ్లాసు అలాగే ఉండిపోయింది. ముప్పై తొమ్మిదో రోజు గోకుడు ఏడు. నలభయ్యో రోజు ఏడున్నర. దొర ఇస్త్రీ బల్ల కింది సందులో ముక్కు దూర్చి పడుకుంటోంది. అవతల మిషను ఆగితే చెవులు నిక్కబొడుచుకుంటోంది. మళ్ళీ మొదలైతే పాదం నాక్కుంటోంది.

గదిలోకి రాదు. ఆయన తిండి దగ్గరికి రాదు. అయినా ఏడున్నర. అంటే ఆమె లేని వేళ ఏదో జరుగుతోంది. పళ్ళు నూరుకుంది.

నలభై ఒకటో రోజు ఆమె ఎవరికీ చెప్పకుండా ఒక పూట సెలవు పెట్టింది.

పెరటి వైపు నుంచి వచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని, వంటింటి కిటికీ రెక్క సందులోంచి చూసింది. తనింట్లోకి తనే దొంగలా రావడం ఎంత సిగ్గుగా ఉందో, అంత పట్టుదలగానూ ఉంది. ముందు గది గుమ్మం అక్కణ్ణుంచి చక్కగా కనిపిస్తుంది. మావగారు ఒక చేతికుట్టు ముగించి, దారం పంటితో తెంపి, లేచారు. మూతపెట్టిన పళ్ళెం అందుకున్నారు. బల్ల అవతల దొర లేచి కుంయ్‌మంది.

ఆయన ఆగారు. పళ్ళెం ఎత్తైన గూట్లో పెట్టి, బల్ల దగ్గరికి వచ్చి, మెల్లగా వంగారు.

ఆయన రెండు అరచేతులూ చాచి దొర ముక్కు ముందు పెట్టారు. ఖాళీ చేతులు. సూదిపోట్లు పడి గరుకెక్కిన వేళ్ళు.

"ఏం లేదురా. చూసుకో. ఆ అమ్మాయికీ చూపించాను, నీకూ చూపిస్తున్నా."

దొర ఆ చేతుల్ని పూర్తిగా వాసన చూసి, ఒకదాని మీద గడ్డం పెట్టింది. ఆయన కాసేపు అలాగే వంగి ఉన్నారు. నడుం పట్టేసిందేమో, మూలుగుతూ లేచి, చెయ్యి కడుక్కుని, పళ్ళెంతో మేడ మీదికి వెళ్ళిపోయారు. తలుపు పడిన చప్పుడైంది.

ఆమె ప్రాణం చివుక్కుమంది. దానికంటే ముందు చికాకే వచ్చింది. ఆయన కాకపోతే మరెవరు?

తలుపు తోసి లోపలికి వచ్చింది. ఆమెను చూడగానే దొర లేచింది. కానీ ఆమె దగ్గరికి రాలేదు. గోళ్ళు టిక్కుటిక్కుమంటుండగా పరుగున మందుల అలమర దగ్గరికి వెళ్ళి, దాని ముందు కూర్చుంది. తోకతో నేల ఊడుస్తోంది. పై అరను రెప్పవాల్చకుండా చూస్తోంది. దాని నోటి అంచునుంచి చొంగ సన్నటి దారంలా దిగి నేలను తాకింది.

మాత్ర వేళకు ఇంకా ఐదు గంటలుంది. దానికి గడియారంతో పనేమిటి? ఆమె వచ్చిందంటే మాత్ర వచ్చినట్టే.

ఇన్నాళ్ళూ అది బుద్ధిమంతుడి లక్షణం అనుకుంది. ఎంత చక్కగా మింగుతాడో చూడండి, అని డాక్టరమ్మ దగ్గర గొప్పలు కూడా చెప్పింది. మందుకోసం ఏ కుక్క చొంగ కారుస్తుంది?

సీసా దింపి మూత తీసింది. ఎవరో నెయ్యిలో మాంసం వేయించినట్టు కమ్మటి వాసన గుప్పుమంది. సీసా వెనక, చీమలు పాకినట్టున్న అక్షరాల్ని కిటికీ వెలుగులో పెట్టి చదివింది. ఎముకలకు బలమిచ్చేవి మూడు పేర్లు. ఆ కింద: రుచి కోసం, కోడి కాలేయపు పొడి.

కోడిమాంసమే. ఎనిమిదేళ్ళు దొర తిన్నది కోడిమాంసమే. మాన్పించాలని వాళ్ళు తంటాలు పడుతున్నదీ కోడిమాంసమే.

పుస్తకం అందుకుంది. తిండి గడిలో ఎన్ని ప్రశ్న గుర్తులు, ఎన్ని గీతలు, ఎన్ని నిలదీతలో. పక్కనే మందు గడి. నలభై రోజులు, నలభై టిక్కులు. ఆ గడిలో ఒక్కనాడూ ఆమె కన్ను ఆగలేదు. ఎందుకంటే అది మందు. పెట్టినవారు అన్న చోట నలభైసార్లూ ఆమె పొడి అక్షరాలే ఉన్నాయి.

*

డాక్టరమ్మ ఫోనులో సీసా మీది అక్షరాలు రెండోసారి చదివించుకుంది.

"రాసింది నేనే కదా" అంది చివరికి. "పథ్యం మొదలెట్టేటప్పుడు మందులు కూడా చూడాల్సింది. చూసుకోలేదు. ఆపెయ్యి. వాసన లేని మాత్రలు వేరే ఉన్నాయి, పంపిస్తాను."

"దీనివల్లేనంటారా మేడం?"

"చాలావరకు. రెండు మూడు వారాలు ఆపి చూస్తే తెలుస్తుంది. పథ్యం మాత్రం మళ్ళీ మొదటి రోజు నుంచే."

మొదటి రోజు నుంచే. ఆమె దొర పక్కన నేల మీద చతికిలబడింది. దొర మాత్ర కోసం ఆమె వేళ్ళు వెతుక్కుని, ఏమీ దొరక్క, అరచెయ్యి నాకి ఊరుకుంది.

చీకటి పడ్డాక భర్త రాగానే అంతా చెప్పింది. ఏడుపూ చెప్పడమూ కలిసిపోయాయి. ఆయన సీసా వాసన చూసి, "నాకే తినాలనిపిస్తోంది" అన్నాడు. ఆమె నవ్వలేదని చూసి పక్కన కూర్చున్నాడు.

"నాన్నకి ఇప్పుడే చెప్పకు. ఖాయం కాలేదు కదా. మూడు వారాలాగు. దురద తగ్గిందనుకో, అప్పుడు మెల్లగా చెబుదువుగాని. బల్ల నేను తీసేస్తాలే."

ఆ మాట ఆమెకు చల్లటి నీళ్ళు తాగినట్టుంది. మూడు వారాలు. ఈలోగా సీసా మారిపోతుంది, పుస్తకం కొత్తది మొదలవుతుంది, ఎవరూ ఏమీ అనుకోరు. "సరే" అంది. సీసాను పాత గుడ్డలో చుట్టి అర వెనక్కి తోసింది. భర్త ఆమె తల నిమిరాడు. మూడు రోజుల తరవాత మొదటిసారి ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు వాలి కూర్చున్నారు. ఎంత హాయిగా ఉందో! ఆ హాయి మావగారి మీద నిందను అలాగే ఉంచితే దొరికిందని గుర్తొచ్చి, ఆమె నిటారుగా కూర్చుంది.

మేడ తలుపు తెరుచుకుంది. మావగారు రాత్రి భోజనం ముగించి, కడిగిన పళ్ళెంతో దిగి వచ్చి, అలవాటుగా ఆమె ముందు నిలబడి, చొక్కా జేబులో చెయ్యి పెట్టారు.

"వద్దు మావయ్యగారూ." ఆమె ఆ చెయ్యి పట్టుకుంది. ఇంతకుముందెప్పుడూ ఆయన చెయ్యి పట్టుకోలేదు. "వద్దు. నేనే పెట్టాను."

"ఏం పెట్టావు?"

ఆమె సీసా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. కాలేయం పొడి గురించి, నలభై టిక్కుల గురించి, ఫోను గురించి గబగబా చెప్పేసింది. ఇవాళ మధ్యాహ్నం కిటికీలోంచి పొంచి చూసిన సంగతి కూడా చెప్పింది. "మీరు అబద్ధమాడుతున్నారన్నాను. క్షమించండి."

ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, సీసా మీది అక్షరాలు చదవడానికి ప్రయత్నించారు. చదవలేక, వాసన చూశారు. ఆ తరవాత గుమ్మానికి అడ్డంగా ఉన్న ఇస్త్రీ బల్ల అంచు మీదే కూర్చుండిపోయారు.

"అయితే నా బిస్కట్టు వల్ల కాదా?"

భర్త తలెత్తాడు. "ఏ బిస్కట్టు నాన్నా?"

"రెండో రోజు. వాడు చేప ముట్టుకోలేదు గుర్తుందా? పొద్దుననగా పెట్టింది సాయంత్రం దాకా అలాగే ఉంది. వాడు నా కాలి మీద తల పెట్టుకుని అలా చూస్తుంటే ఉండబట్టలేక..." ఆయన చూపుడు వేలి కొసను బొటనవేలితో కొలిచి చూపించారు. "ఇంత. గోరంత. అదొక్కటే, మళ్ళీ పెట్టలేదు. నువ్వు అడిగినప్పుడల్లా అదే గుర్తొచ్చేది. నిన్న పెట్టారా అని అడిగేదానివి, లేదనేవాణ్ణి. నిజమే. కానీ నీ ముఖం చూడలేకపోయేవాణ్ణి. ఆ గోరంత ముక్కే వాడి ఒంట్లో ఇన్నాళ్ళూ తిరుగుతోందనుకున్నాను."

ఆమెకు ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, తేలిగ్గా అనిపించింది. అయితే ఆయనా పెట్టారన్నమాట! తన ముక్కు సరిగ్గానే పసిగట్టింది. ఆ గెలుపు నోటి దాకా వచ్చింది. ఎదురుగా ఇస్త్రీ బల్ల మీద కూర్చున్న మనిషి, గోరంత బిస్కట్టుకు నలభై రోజులు శిక్ష వేసుకున్న మనిషి, వేలి కొస ఇంకా అలాగే పట్టుకుని ఉన్నాడు.

"అది వారం తిరిగేసరికే పోయుంటుంది మావయ్యగారూ" అంది. "తరవాతదంతా నాదే."

"నిజంగానా?"

"నిజంగా."

ఆయన వేలు వదిలేశారు. లేచి, ఇటుకలు ఒక్కొక్కటే పక్కకు జరిపి, బల్లను గోడకు ఆనించారు. దొర గడప దగ్గర ఆగి ఆమె వైపు చూసింది. ఆమె తల ఊపాక గదిలోకి నడిచి, మిషను కింద ఒక చుట్టు తిరిగి, పడుకుని, పాదం నాక్కోవడం మొదలుపెట్టింది. దురద ఎక్కడికీ పోలేదు. రెండు మూడు వారాలు.

"మళ్ళీ మొదటి రోజేనా?" అడిగారు మావగారు.

"మొదటి రోజే."

"సరే. పుస్తకం ఇలా తే."

ఆమె తెచ్చింది. ఆయన కొత్త పేజీ తిప్పి, టేపు అంచు ఆనించి, సుద్ద గీసే చేత్తో తిన్నగా గళ్ళు గీశారు. ఆమె గీసిన వాటికంటే బాగా వచ్చాయి. మందు గడిని కాస్త వెడల్పుగా గీశారు. కళ్ళజోడు సర్దుకుని, పెన్ను పట్టుకుని, ఆమె వంక సూటిగా చూశారు.

"చెప్పమ్మాయ్. ఇవాళ నువ్వు వాడికేం పెట్టావు?"

భర్త నవ్వు దాచుకోవడానికి అటు తిరిగాడు. ఆమె మాత్రం నవ్వలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

"పొద్దున చేపా దుంపా. మూడు వందల గ్రాములు. మధ్యాహ్నం ఏమీ పెట్టలేదు. అరచెయ్యి నాకాడు."

"ఎప్పుడు?"

"సీసా మూత తీశాక."

"చెయ్యి కడుక్కున్నావా?"

ఆమె ఆలోచించింది. ఆలోచిస్తుంటే చెవులు వేడెక్కాయి.

"లేదు" అంది.

ఆయన తల ఊపి, తొందరేమీ లేకుండా, ప్రతి అక్షరం విడివిడిగా, దాన్ని రాసుకున్నారు.